పందొమ్మిదో బిందె

పసుమర్తి కామేశం గారు కొత్తరేవు పట్టణానికి తొమ్మిదేళ్లు మునిసిపల్ చైర్మన్‌గా చేశారు. వీధివీధికీ కుళాయి వేయించింది ఆయనే. ఆ మంచిపేరు మీదే ఎన్నికల్లో గెలిచి ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు వెళ్లారు.

ఏడాది తిరిగాక సెలవులకు ఊరొచ్చారు. మేళతాళాలు వద్దని కబురుపెట్టి, స్టేషన్ నుంచి తిన్నగా తన గురువు జలీల్ షా దగ్గరికి నడిచారు. షా సాహెబు సూఫీ. దర్గా పక్కన చిన్న పెంకుటింట్లో ఉండేవారు.

"రాజీనామా రాసుకొచ్చాను బాబా," అన్నారు కామేశం గారు, జేబు తడుముకుంటూ. "ఇక్కడ నేను దగ్గితే ముగ్గురు గుమాస్తాలు లేచి నిలబడేవారు. అక్కడ నేనే లేచి నిలబడ్డా చూసే నాథుడు లేడు. అందరికంటే వెనక బల్ల నాది. ఏడాదిలో ఒక్కసారైనా మాట్లాడే వంతు రాలేదు."

షా సాహెబు అంతా విన్నారు.

"ఎండన పడి వచ్చావు. నాకూ దాహంగానే ఉంది," అని ఖాళీ బిందె చేతికిచ్చారు. "వీధి చివర కుళాయి ఉంది. పట్టుకురా."

కుళాయి దగ్గర పద్దెనిమిది మంది ఆడవాళ్లు వరసలో ఉన్నారు. కామేశం గారు అలవాటు కొద్దీ అందరినీ దాటుకుని వెళ్లి ధార కింద బిందె పెట్టారు.

వరస చివరనున్న గాజుల సింహాచలమ్మ గబగబా వచ్చి, ఆ బిందె తీసి పక్కన పెట్టింది.

"చైర్మన్ బాబుగారా! దండాలండీ. ఎంతటివారైనా వరసలోనే పట్టుకోవాలని దండోరా వేయించింది తమరే కదండీ?"

అందరూ గొల్లున నవ్వారు. కామేశం గారి చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి తనూ నవ్వేసి, వెళ్లి సింహాచలమ్మ వెనక నిలబడ్డారు.

ఊరికే నిలబడటం ఎవరికి చేతనవుతుంది? కబుర్లు మొదలయ్యాయి.

"రైల్లో మూడో తరగతి పెట్టెలకి దీపాలుండవు బాబూ," అంది సింహాచలమ్మ. "మొన్న పొద్దుగూకేసరికి ఎవరో పెద్దమనిషి నా గాజుల బుట్టని బల్ల అనుకుని కూర్చున్నాడు. ఆరు డజన్లు నుగ్గునుగ్గు. ఎవరితో చెప్పుకోను?"

కామేశం గారు నవ్వబోయి ఆగారు. "ఏ బండి? ఎక్కడెక్కావు?" అని అడిగారు. రాసుకోవడానికి వేరే కాగితం లేదు. రాజీనామానే తిరగేసి, దాని వెనక పెన్సిలుతో రాసుకున్నారు. అది చూసి ముందున్న ఇద్దరు ముగ్గురు కూడా తమ రైలు కష్టాలు ఎత్తుకున్నారు. ఆయన వంతు వచ్చేసరికి కాగితం నిండిపోయింది.

గంట తర్వాత, భుజాన నిండు బిందెతో, తడిసిన చొక్కాతో ఆయన తిరిగొచ్చారు.

"వరసలో ఎన్నోవాడివి?" అడిగారు షా సాహెబు.

"పందొమ్మిదోవాణ్ణి బాబా."

షా సాహెబు చెంబు ముంచుకుని, కళ్లు మూసుకుని నిదానంగా తాగారు. గడ్డం తుడుచుకున్నారు.

"పందొమ్మిదో బిందె కదా, నీళ్లు చప్పబడి ఉంటాయేమో అనుకున్నాను," అన్నారు. "తియ్యగానే ఉన్నాయి."