మాణిక్యానికి తోడొచ్చిన తీగ

గుండన్న రోజూ అరజాము సేపు తలపాగా చుట్టుకునేవాడు. డాబు కోసం కాదు, పొద్దున్నే రాజుగారి కళ్లు నొచ్చుకోకూడదనే దయకొద్దీ. మహీధరపురం కొలువులో అతని పని రాజును నవ్వించడం. ఆ రాజు ప్రచండభూపతి నవ్వేది తక్కువ, శాసనాలు చేసేది ఎక్కువ.

అలాంటి రాజుకు లేకలేక ఆడబిడ్డ పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. మంత్రసాని వల్లెమ్మ నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాక కెవ్వుమంది.

బారసాల నాడు రాజు గొంతు సవరించుకున్నాడు. "బిడ్డ పేరు మాణిక్యాంబ. మా అమ్మగారి పేరు. దాన్ని చులకన చేసి పలికినవాళ్లకు దేశబహిష్కారం."

రాణి ముఖం వాడిపోయింది. అత్తగారి పేరు కోడలి నోట రాకూడదాయె. గుండన్నను పక్కకు పిలిచి, "అన్నా, కన్నబిడ్డను బతుకంతా 'ఇదిగో అమ్మాయ్' అని పిలుచుకోనా?" అంది.

"కడుపునిండా పాలు పట్టి తీసుకురండి తల్లీ. తక్కినది బిడ్డే చూసుకుంటుంది."

కాసేపటికి గుండన్న చేతులు కట్టుకుని, "ప్రభూ, పేరు పెట్టినవారే ఒళ్లో కూర్చోబెట్టుకుని తొలిసారి పిలిస్తే ముచ్చట," అన్నాడు. రాజు పొంగిపోయి బిడ్డను అందుకున్నాడు. పిలిచేలోగానే పట్టుపంచె తడిసింది.

"ఛీ ఛీ, ఎంత పని చేశావే మాణిక్యాంబా!"

సభ బిగుసుకుపోయింది. బిడ్డ జడిసి ఏడుపందుకుంది. గుండన్న తల వంచాడు. "ప్రభువులు ఏ దేశానికి వెళ్తారో సెలవిస్తే బండి కట్టిస్తాను."

రాజు మీసం వణికింది. చివరికి గొంతు తగ్గించి, "బయటపడే దారి చెప్పరా," అన్నాడు.

"పేరు మారితే పాత శాసనమూ చెల్లదు. ఆ పేరుకు ఇంకో పేరు తోడివ్వండి. మాణిక్యం మెరుస్తుంది గానీ ఊపిరి పోయదు. ఊపిరి పోసింది వల్లెమ్మ. వల్లి అంటే తీగ. పెరుగుతుంది, అల్లుకుంటుంది. మాణిక్యవల్లి అనండి. ముందు సగం మీరు పూజించుకోండి, వెనక సగం తల్లి పిలుచుకుంటుంది."

గుమ్మం దగ్గర వల్లెమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజు ఆమె చేతుల వంక చాలాసేపు చూశాడు. "అలాగే కానీ," అన్నాడు.

రాణి బిడ్డను ఎత్తుకుని చెవిలో "వల్లీ" అంది. ఏడుపు ఆగింది. బిడ్డ కళ్లు తిప్పి తల్లిని చూసింది. మాటకు మాట అప్పజెప్పే గుండన్న, తెరిచిన నోరు మూయడం మరిచాడు.

ఆ వాలకం చూసి రాజు తడిపంచెతోనే పగలబడి నవ్వాడు. తన జరీపాగా తీసి అతని తలకు పెట్టాడు.

మర్నాటి నుంచి గుండన్నకు పాగా చుట్టడానికి నిండు జాము పట్టేది. తనకు తెలియనిది లేదని ఊరంతా చెప్పుకున్నాడు. ఎన్నడూ వినని ఆ పేరుకు పసిగుడ్డు ఎలా పలికిందో మాత్రం ఎంత ఆలోచించినా అతనికి తెలియలేదు.