అమ్ము మోసిన మాంగల్యం

పూర్వం ఎర్రవంక అనే ఏటికి పడమటి గట్టున మల్లేశ్వరస్వామి, తూర్పు గట్టున ఉదయాంబాదేవి వెలసి, ఏటేటా శ్రావణమాసంలో వధూవరులై భక్తకోటిని అనుగ్రహిస్తూ ఉండేవారు. స్వామి పక్షంవారు బంగారు మాంగల్యం పట్టుకొని ఏరు దాటి వెళ్లి అమ్మవారికి సమర్పించడం ఆచారం. ఆ దివ్యకల్యాణం ముగిసేదాకా రెండు గట్ల మీదా ఏ ఇంటా పెళ్లిపందిరి లేవరాదన్నది పెద్దల కట్టడి.

పడమటి గట్టున గిడ్డప్ప అనే బోయ యువకుడు ఉండేవాడు. తాతల నాటి నుంచి వింటిని నమ్ముకున్న వంశం అతనిది. తూర్పు గట్టున ఉన్న సంజమ్మతో అతనికి పెళ్లి నిశ్చయమైంది కానీ, ఒక ఏడు ఆ సీమనేలే దొర కాలం చేయడం వల్ల, మరుసటి ఏడు మశూచి సోకడం వల్ల దేవుడి పెళ్లి ఆగిపోయి, దానితోపాటే వీళ్ల పెళ్లీ ఆగింది. ఆ రోజుల్లో గిడ్డప్ప స్వామికి పెట్టినన్ని మొక్కులు అర్చకులు కూడా పెట్టి ఉండరు. చివరకు సంజమ్మ తండ్రి మారెన్నకు ఓపిక నశించింది. "ఈ యేడు గూడా దేవుని పెండ్లి తప్పిందంటే నా బిడ్డను కొండవతల మా అక్క కొడుక్కిచ్చేస్తా. దేవునికి తొందర లేకుంటే మానె, నాకుంది" అని తెగేసి చెప్పాడు.

ఆ ఏడు శ్రావణం రానే వచ్చింది. కల్యాణం నాటి ఉదయానికి పైకొండల్లో కురిసిన వానకు ఎర్రవంక రెండు గట్లూ ఒరుసుకొని పారసాగింది. తెప్ప వేస్తే తిరగబడింది, గజ ఈతగాళ్లు నీళ్లను చూసి వెనక్కి తగ్గారు, ముహూర్తం మాత్రం తరుముకొస్తోంది. దేవుడి పెళ్లికి అందరూ పెద్దలే కదా, తలా ఒక ఉపాయం చెప్పేవారే తప్ప ఏట్లో కాలు పెట్టేవాడు లేడు. గిడ్డప్ప గట్టు అంచుదాకా పరుగెత్తాడు. ఆవలి గట్టున గుడి అరుగు మీద సంజమ్మ పచ్చచీర కనబడుతూనే ఉంది, కేక వేస్తే మాత్రం ఏటి హోరులో కలిసిపోతోంది. అతడు అర్చకుడు విరూపాక్షయ్య కాళ్ల మీద పడి, "సామీ, తాళిని అమ్ముకు గట్టి యేస్తా. నా బాణం ఆ గట్టుకు పోతాది" అన్నాడు.

"బంగారు తాళి ఏటిపాలైతే?" అన్నాడు అర్చకుడు.

అదీ నిజమే. అందుచేత గిడ్డప్ప ఒక పుల్లను నడిమికి దారం కట్టి వేలాడదీసి, ఒక కొసన బంగారు తాళిని తగిలించి, పూజాపళ్లెంలోని పసుపు కొమ్ములను ఒక్కొక్కటిగా రెండో కొసన కట్టి చూశాడు. తాళితో సరితూగిన కొమ్ములను పక్కన పెట్టుకొని, ముందు వాటిని వేసి చూసి, అమ్ము నడక కుదిరాకే బంగారం జోలికి పోదామనుకున్నాడు.

మొదటి కొమ్మును ఈకల దగ్గర కట్టాడు. తోక బరువై, ఆ అమ్ము వింటిని దాటుతూనే పిల్లిమొగ్గలు వేసి పడిపోయింది. రెండోదాన్ని ఇనుప ములికి వెనుకనే కట్టాడు. ఈసారి మొనబరువై, నడిఏట్లో చేపను చూసిన కొంగలాగా తలకిందులుగా దూకింది. చుట్టూ ఉన్నవాళ్లు ఉసూరుమన్నారు. గిడ్డప్ప కాసేపు కళ్లు మూసుకొని స్వామిని తలచుకున్నాడు. ఉన్న బరువు మీద బరువు మోపుతున్నానని అప్పుడు తట్టిందతనికి. వెంటనే ములికినే ఊడబెరికి, ఆ చోట పసుపు కొమ్మును లక్కతో అతికించి, పసుపుదారంతో బిగించాడు. అమ్మును వేలి మీద అడ్డంగా పెడితే ముందుకు ఒరిగింది. లక్క గీకితే వెనక్కి ఒరిగింది. మళ్లీ కొంచెం పూశాడు. చివరకు నడిమికి కాస్త ముందుగా, అమ్ము అతని వేలి మీద కదలకుండా నిలిచింది. మల్లేశ్వరా అని వింటిని లాగి వదిలేసరికి అది ఏటిని దాటి, అమ్మవారి గుడి ముంగిట వాలింది.

గట్టంతా ఈలలు. గిడ్డప్ప ఆనందం పట్టలేక, అదే తూకంతో బంగారు తాళిని మరో అమ్ముకు కూర్చుతూ ఉండగా, ఆవలి గట్టున డోళ్లూ సన్నాయిలూ ఒక్కసారిగా మోగాయి. మంగళవాద్యం! తాళి తన చేతిలోనే ఉంది, పెళ్లి అక్కడ అయిపోయింది.

వరద తీశాక అందరూ ఏరు దాటి వెళ్లగా సంజమ్మ ఎదురొచ్చింది. విరూపాక్షయ్య మండిపడుతూ, "తాళి రాకుండా పెళ్లెట్లా చేశారమ్మా?" అని గద్దించాడు.

"వచ్చె గదా సామీ. ముహూర్తానికి సరిగ్గా వచ్చి గుడి ముందర పడె. పేదింట్లో పసుపు కొమ్ము గడితే పెండ్లి గాదా? ఆ బాణమే స్వామి చెయ్యనుకొని మా గుడి అయ్యవారు అమ్మవారికి కట్టేసినారు" అన్నదామె.

అర్చకుడు సందేహంతోనే గర్భాలయంలోకి వెళ్లాడు. పసుపు పండించేవారికి తెలుసు, ఉడకబెట్టి ఎండబెట్టిన కొమ్ము ఎన్నటికీ మొలవదు. అమ్మవారి హృదయసీమ మీద ఉన్న ఆ ఎండు కొమ్ముకు మాత్రం లేతపచ్చని మొలక వచ్చి ఉంది. విరూపాక్షయ్య కన్నీళ్లతో సాష్టాంగపడ్డాడు. నాటి నుంచి ఆ క్షేత్రానికి శరమంగళమని పేరు వచ్చింది.

మర్నాడే మారెన్న ఇంటి ముందు పందిరి లేచింది. పీటల మీద కూర్చున్న గిడ్డప్పను, "ఏదీ, ఆ తూకం మాకూ చూపించు బావా" అని సంజమ్మ చెలికత్తెలు ఆటపట్టించారు. అంత వరద మీద తొణకని ఆ చెయ్యి సంతోషంతో వణికి, వేలి మీద పెట్టిన అమ్ము జారబోయింది. సంజమ్మ తలవంచుకొనే, తన వేలు కూడా దాని కింద పెట్టింది.

గుడి వెనుక పసుపుమడి ఆ మొలక సంతానమే. నేటికీ ఎర్రవంక ఎండినా పారినా కల్యాణం నాడు పసుపు కొమ్ము అమ్ము మీదనే వెళుతుంది. బంగారు తాళి మాత్రం ఇంకా స్వామి దగ్గరే ఉంది, కట్టే అవకాశం ఆయనకు మళ్లీ రాలేదు. ఇక శరమంగళంలో ఏ పెళ్లి జరిగినా, తాళికి ముందు వరుడు వేలి మీద అమ్మును నిలపాలి. ఎంతటి విలుకాడికైనా ఆ ఘడియలో చెయ్యి వణుకుతుంది. అప్పుడు వధువు తన వేలు పెడుతుంది, అమ్ము నిలుస్తుంది, డోళ్లు మోగుతాయి.