రోజూ తాకే ఫైళ్లు

పూర్ణచైతన్యకు కొన్నాళ్లుగా అన్నం సయించడం లేదు.

ఆశ్రమంలో తాళపత్రాలను స్కాన్ చేసి కంప్యూటర్లో భద్రపరిచే పని అతనిది. ఈమధ్య వచ్చిన గ్రంథం చెదలు తిన్నది. స్కాన్ చేస్తుండగానే ఆకులు పొడిపొడిగా రాలిపోయాయి. ఇక ఆ గ్రంథమంటే కంప్యూటర్లో ఉన్న బొమ్మలే. వాటిని అతను ‘టెంప్’ అనే ఫోల్డర్లో పెట్టాడు.

టెంప్ అంటే తాత్కాలికం. యునిక్స్ తరహా కంప్యూటర్లలో ఎవరైనా ఏదైనా కాసేపు పెట్టుకునే చోటు. కొన్నాళ్లు ఎవరూ ముట్టుకోని ఫైళ్లను అక్కడి నుంచి యంత్రమే ఊడ్చేస్తుంది. ఆ యంత్రాన్ని ఆపి మళ్లీ వేస్తే మొత్తం ఖాళీ.

ఇదంతా పూర్ణచైతన్యకు బాగా తెలుసు. తెలిసే, తెల్లవారగానే స్నానమైనా చేయకుండా వచ్చి, ‘టచ్’ అనే ఆజ్ఞతో ప్రతి ఫైలునూ తాకి వెళ్లేవాడు. తాకిన ఫైలును యంత్రం కొత్తదనుకుంటుంది. అతితెలివి అంటే ఇదే. జ్వరం వచ్చినా దుప్పటి కప్పుకుని వచ్చి తాకాడు. కరెంటు పోతే, యంత్రాన్ని నిలబెట్టే బ్యాటరీ దీపం వంక చూస్తూ కదలకుండా కూర్చునేవాడు.

చివరికి గురువు అచలబోధ స్వామి దగ్గరికి వెళ్లాడు. పూర్వాశ్రమంలో ఆయన ఉద్యోగం ఇలాంటి యంత్రాలతోనే.

"స్వామీ, టెంప్‌ను ఊడ్చడం ఆపించండి. భయంతో చస్తున్నాను."

"శాశ్వత భాండారం ఉందిగా. అందులో పెట్టలేదేం నాయనా?"

"అందులో పెట్టాలంటే వరస సంఖ్య వేయాలి స్వామీ. కొన్ని ఆకుల వరస ఇంకా తేలలేదు. తప్పు పడితే?"

స్వామి లేచి యంత్రం దగ్గరికి నడిచి, స్విచ్ మీద బొటనవేలు ఆనించారు.

శిష్యుడు వెంట పరుగెత్తాడు. "వద్దు స్వామీ. అన్నీ పోతాయి."

"ఎప్పుడైనా పోయేవేగా."

వేలు మాత్రం తీయలేదు.

పూర్ణచైతన్య కుర్చీలో కూలబడ్డాడు. తనకు తోచిన సంఖ్యలు వేస్తూ, ఫైళ్లన్నిటినీ భాండారంలోకి ఎక్కించాడు. చాలాసేపు పట్టింది. స్వామి అలాగే నిలబడ్డారు.

"అయింది స్వామీ. వరస మాత్రం ఎక్కడో తప్పే ఉంటుంది."

"తప్పుంటే దిద్దుకుంటావు. లేనిదాన్ని ఏం దిద్దుతావు?"

అని స్విచ్ నొక్కారు.

తెర నల్లబడింది. మళ్లీ వెలిగాక చూస్తే టెంప్ ఖాళీగా ఉంది. పూర్ణచైతన్య భాండారం తెరిచి ఒక్కో ఆకూ చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం పంక్తిలో అతను మారు అన్నం అడిగాడు.