కొయుకి ముడి

జపాన్ దేశపు నాలుగు పెద్ద దీవుల్లో అన్నిటికన్నా చిన్నది షికోకు. ఆ దీవి నడుమ, కొండల మధ్య, ఇయా అనే లోయ ఉంది. అక్కడి కొండలు గోడల్లా నిటారుగా ఉంటాయి. మనుషులు ఆ వాలు మీదే గడ్డికప్పు ఇళ్ళు కట్టుకుని, సోబా అనే ధాన్యం పండించుకుంటారు. వానలు వెనకబట్టాక సోబా చేలు తెల్లగా పూస్తాయి. పొద్దున్నే మంచు వచ్చి లోయను నింపేస్తుంది. అప్పుడు ఆ ఇళ్ళు మబ్బుల మీద తేలుతున్నట్టుంటాయి. ఎక్కడో అడుగున పచ్చరాయి రంగులో ఏరు పారుతుంది.

ఊళ్ళన్నిటికీ ఎగువన, మనుషులు రాని అడవిలో, ఎర్రమొహం కోతులు ఉండేవి. కొండమేకలను పోలిన కామోషికాలు ఉండేవి. నక్కంత ఉండి, కళ్ళ చుట్టూ నల్లమచ్చలున్న తనుకిలు ఉండేవి. ఏటికి పడమట మట్టికొండ, దాని మీద పండ్లతీగల అడవి. తూర్పున గట్టి రాతికొండ, దాని పాదంలో వేడినీటి ఊట, గుహలు. రెండు ఒడ్లనూ కలిపేది ఒకటే వంతెన. అది తీగలతో అల్లిన వంతెన.

ఆ తీగను షిరకుచి అంటారు. ముదిరితే మనిషి చెయ్యంత లావవుతుంది. ఉసిరికాయంత పచ్చని పండ్లు కాస్తుంది. ఆ పండ్లంటే కోతులకు ప్రాణం.

అడవిలో ఒక కట్టుబాటు ఉండేది. మూడేళ్ళకోసారి, చలికాలంలో, పాత వంతెనను కోసి ఏట్లో వదిలెయ్యాలి. కొత్తది అల్లాలి. కామోషికాలు తీగలు ఈడ్చుకొచ్చేవి. తనుకిలు వాటిని వేడినీటి ఊటలో నానబెట్టి మెత్తబరిచేవి. కోతులు అల్లేవి. మొదటి తీగను కొండదేవతకు చూపించి, నుదుటికి ఆనించుకుని, అప్పుడే పని మొదలుపెట్టేవారు. వేసే ప్రతి ముడికీ ఒక పేరు పలికేవారు. అవి ఏరు తీసుకుపోయిన వాళ్ళ పేర్లు.

ఆ పేర్లన్నీ గుర్తున్నది తోమె అనే ముసలి కోతికి. ఆమె నోట్లో ఒక్క దంతం మిగల్లేదు గాని, పేరు మాత్రం ఒక్కటీ పోలేదు.

కోతుల గుంపుకు పెద్ద ఇవావో. తోమె చెల్లెలి కొడుకే. బలమైనవాడు. కూతురంటే ప్రాణం వాడికి. మంచు కురిసేటప్పుడు పుట్టిందని ఆ పిల్లకు కొయుకి అని పేరు పెట్టుకున్నాడు. కొయుకి అంటే చిన్ని మంచు.

మూడో చలికాలం వచ్చింది. తోమె కర్ర ఊతంతో వచ్చి ఇవావో ముందు కూర్చుంది.

"నాయనా, తీగలు కోయించే వేళయింది," అంది.

ఇవావో వంతెన మీదికి వెళ్ళి రెండు గంతులేశాడు. అది కొంచెం ఊగి ఆగింది.

"చూశావా పెద్దమ్మా? రాయిలా ఉంది. వంతెనకి లావుపాటి తీగలే కావాలి. పండ్లు కాసేవీ అవే. ఇప్పుడు కోస్తే, అవి మళ్ళీ పెరిగి కాసేసరికి నా కొయుకి నలుగురు పిల్లల తల్లవుతుంది."

గుంపంతా నవ్వింది.

"పైకి చూస్తే తెలీదు నాయనా. కొరికి చూడాలి," అంది తోమె.

"అయితే కొరుకు పెద్దమ్మా! ఎవరొద్దన్నారు?"

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఒక కుర్రకోతి బోసినోరు పెట్టి తీగను చప్పరించినట్టు నటించింది. తోమెకు కోపం రాలేదు.

"నాకు లేవనే కదా నిన్నడుగుతున్నాను," అంది మెల్లగా.

ఎవరూ కొరకలేదు. పిల్లలూ, ఆ రోజు ఒక్కరు కొరికి చూసి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

చలికాలం గడిచింది. వసంతం వచ్చింది. వంతెన తీగల మీద చిన్న చిన్న ఆకుమొక్కలు లేచాయి. పచ్చగా, ముద్దుగా ఉన్నాయి. ఇవావో అందర్నీ పిలిచి చూపించాడు.

"వంతెన చిగురించింది! ఇది బతికే ఉంది! బతికున్నదాన్ని కోసి ఏట్లో పారెయ్యమన్నావు పెద్దమ్మా. పాపం కాదూ?"

తోమె వంగి ఆ మొక్కలను వేళ్ళతో తడిమింది.

"ఇవి తీగ చిగుళ్ళు కావు నాయనా. తేమలో మొలిచే మొక్కలు. మట్టి లేనిదే ఇవి మొలవవు. ఇంత ఎత్తున, గాలిలో, మట్టి ఎక్కణ్ణుంచి వచ్చింది? తీగే లోపల మట్టయిపోతోంది."

ఇవావో మొహం తిప్పేసుకున్నాడు. గుంపు కూడా తిప్పేసుకుంది.

మర్నాడు పొద్దున్నే తోమె మోసుకే దగ్గరికి వెళ్ళింది. మోసుకే ఒక లావుపాటి తనుకి. ఎప్పుడూ ఏదో ఒకటి సణుగుతూ ఉంటాడు గాని మనసు మంచిది.

"నాకొక తీగ కొరికిపెట్టాలి. నేను పడుకునే బండ పక్కన ఉన్నదే," అంది తోమె.

"అది నీ తీగ కదా అవ్వా! ఈ ఏడు ఏం తింటావు?"

"ఏదో తింటాను."

"అడవంతా కలిసి చేసే పని, నువ్వూ నేనూ చేస్తామా? నాకు చేతులైనా లేవాయె."

"నోరుందిగా."

"అది తినడానికి."

"ఇవాళ మొయ్యడానికి," అంది తోమె.

మోసుకే సణుగుతూనే లేచాడు. సణుగుతూనే తీగను మొదట్లో కొరికాడు. ఇద్దరూ దాన్ని ఊటలో రెండు రోజులు నానబెట్టారు. తోమె తీగను నుదుటికి ఆనించుకుని కొండదేవతకు దణ్ణం పెట్టుకుంది. ఒక కొనను పడమటి ఒడ్డున దేవదారు చెట్టుకు కట్టింది. రెండో కొనను నడుముకు చుట్టుకుని, వంతెన మీద అడుగులో అడుగు వేసుకుంటూ దాటి, తూర్పు ఒడ్డున ఇంకో చెట్టుకు కట్టింది. వంతెన పక్కనే, పిల్లల చేతికి కూడా అందే ఎత్తులో ఆ తీగ నిలబడింది. పట్టుకోవడానికి వీలుగా దాని పొడవునా సన్నతీగతో ముడులు వేసింది. ఒక్కొక్క ముడికీ ఒక్కొక్క పేరు పలికింది.

కొయుకి వచ్చి పక్కన నిలబడింది.

"ఈ ముడి ఎవరు, నాయనమ్మా?"

"కెన్ అని ఒక కామోషికా పిల్ల. వరదలో పోయాడు."

"మరి ఇది?"

తోమె ఆ ముడిని బిగించింది. "ఇది నా చెల్లెలు. మీ నాన్నని కన్న తల్లి. ఒక ఏడు మంచు ఎక్కువని వంతెన అల్లలేదు. ఆ ఏడే వంతెన తెగి ఏట్లో పోయింది. మీ నాన్న అప్పుడు చంటివాడు. వాణ్ణి నా చేతికిచ్చి వెనకబడింది."

కొయుకి ఆ ముడిని గుప్పిట పట్టుకుంది. "చల్లగా ఉంది," అంది.

ఒడ్డు మీంచి ఇవావో కేక వేశాడు. "కొయుకీ! చెయ్యి తియ్!"

పిల్ల చటుక్కున చెయ్యి తీసేసింది.

ఇవావో గుంపు వైపు తిరిగాడు. "ముసలమ్మ తన భయాన్ని తెచ్చి మన దారిలో కట్టింది. ఈ తీగ పట్టుకుని నడిచేవాళ్ళు నా మాటను నమ్మనట్టే. అలాంటివాళ్ళు నా గుంపులో ఉండక్కర్లేదు. వింటున్నారా?"

విన్నారు. అందరికన్నా బాగా విన్నది కొయుకి.

వేసవి పోయింది. పండ్లు పండాయి. అంత కాపు ఎవరూ ఎరగరు. కోతులు పొద్దస్తమానం తిన్నాయి. "చూశావా పెద్దమ్మా, కోసి ఉంటే ఇవుండేవా?" అన్నాడు ఇవావో. తోమెకు రెండు పండ్లు విసిరాడు. ఆమె వాటిని కొయుకికి ఇచ్చేసింది.

అప్పుడు సముద్రం మీంచి తుఫాను వచ్చింది. మూడు రోజులు వాన ఆగలేదు. పచ్చటి ఏరు బురద రంగుకు తిరిగి, బండల్ని దొర్లించుకుంటూ పోయింది. మూడో రోజు పొద్దున పడమటి కొండ మీద అందరూ తాగే చన్నీటి ఊట ఎర్రబడింది.

తోమె తడుస్తూ అందరి దగ్గరికీ వెళ్ళింది. "ఊటలో మట్టి వస్తోంది. కొండ లోపల కదులుతోంది. ఒక్కొక్కరుగా, తీగ పట్టుకుని, తూర్పు గుహలకు పదండి."

మోసుకే పెళ్ళాన్ని, పిల్లల్ని లేపాడు. తనుకిలు ఒకదాని వెనక ఒకటి, ఆ తీగకు ఒళ్ళు ఆనించుకుని దాటాయి. కామోషికాలూ అలాగే దాటాయి. చివర్న తోమె దాటి, తూర్పు ఒడ్డున చెట్టు మొదట్లో నిలబడింది.

ఇవావో కదల్లేదు. "పండిన పండ్లు వదిలేసి, ఈ వానలో, చలిగుహలోకా?" అన్నాడు.

మధ్యాహ్నానికి కొండ ఉరిమింది. చెట్లు నిలబడినవి నిలబడినట్టే కిందికి జారడం మొదలుపెట్టాయి. అప్పుడు గుంపంతా ఒక్కసారిగా వంతెన మీదికి పరిగెత్తింది. ఇవావో మధ్యలో నడుస్తున్నాడు. వాడి వెనక కొయుకి.

"తీగ పట్టుకోండి!" అని అరిచింది తోమె. "అమ్మల్లారా, అయ్యల్లారా, తీగ!"

కొందరు ఇవావో మొహం చూశారు. కొందరు చూడకుండా పట్టేసుకున్నారు. వంతెన ఎడమకు ఒరిగింది.

కొయుకి రెండు చేతులూ గుండెకు హత్తుకుని నడుస్తోంది. కాళ్ళు జారుతున్నాయి. అయినా చేతులు తియ్యలేదు.

"నాన్నా, చూడు! నేను పట్టుకోలేదు!" అంది.

ఇవావో వెనక్కి తిరిగాడు. ఏదో చెప్పబోయాడు. అంతలో వంతెన నడుమ తెగిపోయింది. పెద్ద శబ్దం కూడా రాలేదు. పుచ్చిన కొమ్మ విరిగినట్టు మెత్తగా విరిగింది. తెగిన తీగల్లోంచి నల్లటి మట్టి రాలింది.

తీగ పట్టుకున్నవాళ్ళు తీగకు వేలాడారు. పట్టుకోనివాళ్ళు ఆరుగురు ఏట్లో పడ్డారు. ఇవావో చెయ్యి దానంతటదే లేచి, ఏ తీగను పట్టుకోవద్దన్నాడో ఆ తీగనే పట్టుకుంది. రెండో చేత్తో కూతురి కోసం వెతికాడు. అక్కడ గాలే ఉంది. వాడి గుప్పిట్లో ఉన్నది తల్లి పేరున్న ముడి.

ఏరు కొయుకిని తీసుకుపోయింది. వేలాడుతున్నవాళ్ళు ముడి తరవాత ముడి పట్టుకుంటూ తూర్పు ఒడ్డుకు పాకారు. కాసేపటికి పడమటి కొండ విరిగి, పండ్లతీగలతో సహా లోయలోకి కూలిపోయింది.

వాన వెలిశాక ఇవావో ఏటి వెంట పదకొండు రోజులు వెతికాడు. ఏమీ దొరకలేదు. తిరిగొచ్చి తోమె గుహ ముందు నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది వాడికి.

"పెద్దమ్మా, అది నా మాట విన్నది," అన్నాడు.

"విన్నది నాయనా," అంది తోమె. "పిల్లలు వింటారు."

ఆ చలికాలం అడవిలో మిగిలిన అందరూ కలిసి దూరపు కొండల నుంచి తీగలు తెచ్చారు. ఎగువన, గట్టి రాయి ఉన్న చోట, కొత్త వంతెన అల్లారు. ఇప్పుడు ముడి వేసేముందు తోమె పేర్లు చెబుతుంటే, గుంపంతా చుట్టూ కూర్చుని నేర్చుకున్నారు. మోసుకే పిల్లలు కూడా వల్లించారు. చివరికి పిల్లలు పట్టుకునే తీగ మీద, వంతెన నడుమకు వచ్చే చోట, ఒక ముడి మిగిలింది. తోమె పక్కకు జరిగింది.

ఇవావో కూర్చుని ఆ ముడి వేశాడు. చాలాసేపు పట్టింది. పేరు పలకడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది.

వాడు మళ్ళీ గుంపుకు పెద్ద కాలేదు. తోమె అన్న మాటకే అందరూ నడిచారు. ఆ తరవాత వంతెన మీద ఎవరి ప్రాణమూ పోలేదు. ఇవావో మాత్రం వానొచ్చినా మంచొచ్చినా వంతెన మొదట్లో కూర్చునేవాడు. మూడేళ్ళకోసారి, అందరికన్నా ముందు, పాత తీగను తనే కొరికి చూసేవాడు. ఏ పిల్ల దాటబోయినా లేచి నిలబడి, "పట్టుకో తల్లీ, గట్టిగా పట్టుకో," అనేవాడు.

నీతి: పైకి పచ్చగా ఉన్నదాన్ని లోపల కూడా చూసి నమ్మాలి; లేకపోతే పెద్దవాడు గర్వంతో చెప్పిన మాటకు, దాన్ని నమ్మి విన్న పసిబిడ్డ బలవుతుంది.