ఆసుపత్రి కమిటీ శాలువాలు

పరదేశయ్య గారిని ప్రశ్న అడిగేవాడు చెప్పులు వేసుకునే అడగాలి. ఆయన నోటితో జవాబు చెప్పరు, వెంట నడవమంటారు. ఆశ్రమంలో పాతవాళ్ళం ఈ సంగతి ఎరుగుదుం. రామినాయుడు కొత్త శిష్యుడు. వాళ్ళ ఊరి ఆసుపత్రి కమిటీకి అధ్యక్షుడు కూడాను.

"నెలనెలా మీటింగు పెడతన్నాం గురువుగారూ. ఆస్పత్రి మాత్రం ఎక్కడేసిన గొంగళి అక్కడే ఉంది. కమిటీ సరిగ్గా పని సెయ్యాలంటే ఏటి సెయ్యాల?" అని అడిగాడు.

"మళ్ళీ మీటింగు ఎప్పుడు?"

"రేపేనండి."

"నేనూ వస్తాను" అన్నారు గురువుగారు.

మర్నాడు నన్నూ తోడు తీసుకుని వెళ్ళారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. అయినా ఆసుపత్రి వరండాలో ముత్తమ్మ అనే కూలిమనిషి చలిజ్వరంతో మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడి ఉంది. పళ్ళు టకటకమంటున్నాయి.

"బాబూ, సలికి పేణం పోతంది. దుప్పటొకటి ఇప్పించండి" అంది.

నర్సమ్మ నిట్టూర్చింది. "ఉన్నవన్నీ చిరిగిపోయాయండి. కొత్తవి కొనాలంటే కమిటీ తీర్మానం చెయ్యాలి. ప్రతి మీటింగులోనూ ఆ విషయం దగ్గరికి వచ్చేసరికి భోజనాల వేళయిపోతోంది."

ఎందుకవుతుందో లోపలికి వెళ్ళాక తెలిసింది. అధ్యక్షుడు సభ్యులకు శాలువాలు కప్పాడు. సభ్యులంతా కలిసి అధ్యక్షుడికి కప్పారు. ఒకాయనకు మనవడు పుట్టాడట, అందుకు మరొకటి. చెమటలు ధారకడుతున్నా ఫొటో కాలేదని ఒక్కడూ శాలువా తీయడే! నాకు ఒళ్ళు మండిపోయింది. రోగం మాట ఎత్తిన పుణ్యాత్ముడు ఒక్కడు లేడు.

గురువుగారికీ శాలువా కప్పారు. ఆయన లేచి వరండాలోకి వెళ్ళి, దాన్ని ముత్తమ్మకు కప్పి, అంచులు పాదాల కిందికి దోపి, పక్కనున్న మంచాల గదిలోకి తొంగి చూశారు. ఇక వీళ్ళకు సిగ్గు వస్తుందనుకున్నాను. లోపల చప్పట్లు మోగాయి!

ఒక సభ్యుడు కళ్ళొత్తుకుంటూ లేచాడు. "ఇంతటి దయామూర్తిని ఒట్టి భుజాలతో పంపితే ఊరికే అప్రతిష్ఠ. ఇంకో శాలువా కప్పాలని తీర్మానం పెడతన్నాను."

అందరూ చేతులెత్తారు. దుప్పట్లకు నెలల తరబడి దొరకని తీర్మానం శాలువాకు చిటికెలో అయిపోయింది. రామినాయుడు స్వయంగా కొత్త శాలువా విప్పి, ముఖం వెలిగిపోతుండగా వరండాలోకి వచ్చాడు.

గురువుగారు చెయ్యి చాచారు. "తే నాయుడూ. మంచాల గదిలో ఇంకా ఇద్దరు వణుకుతున్నారు."