ఈడర్ బాతు గూడు

ఐస్లాండ్ పడమటి దీవుల్లో ఐనార్ అని ఓ ముసలి కవి ఉండేవాడు. ఆయన పాటలన్నీ పొట్టివే. పెళ్లాం పోయినప్పుడు కట్టింది కూడా చిన్న పాటే. కానీ ఆ దీవి ఆడవాళ్లు ఉన్ని వడికేటప్పుడు పాడుకునేది దాన్నే. ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పడు, పని చెబుతాడు. శిష్యురాలు సిగ్నీకి ఈ సంగతి తెలుసు. అయినా ఆ రోజు ఉండబట్టలేక అడిగేసింది.

సిగ్నీ వాళ్లన్న చేపల వేటకెళ్లి సముద్రంలో పోయాడు. ఆదివారం ఊరంతా కూడినప్పుడు అతని మీద పాట చదవాలి. సిగ్నీ రాసింది. పడవ తిరగబడ్డం, అన్న కేకలు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒంటి బూటు, ఏదీ వదల్లేదు. ఇంట్లో చదివి వినిపిస్తుంటే అమ్మ సగంలోనే లేచి బయటికెళ్లిపోయింది. ఆదివారం రానే రానంది.

"అంతా నిజమే రాశాను తాతా. అమ్మ కూర్చుని వినలేకపోయింది. ఇంకేం తక్కువైందంటావ్?"

"ఆ సంచీ పట్టుకురా. బాతుల దగ్గరికెళ్దాం."

వేసవిలో అక్కడ పొద్దు గుంకదు. పాలలాంటి వెలుతురులో సముద్రం కూడా కునుకు తీస్తున్నట్టుంది. రాళ్ల మధ్య గడ్డిలో ఈడర్ బాతులు పొదుగుతున్నాయి. తమ రొమ్ము మీది నూగు తామే పీక్కుని గుడ్లకింద పరుచుకుంటాయవి. ఆ నూగు ఏరి అమ్ముకోవడమే దీవి వాళ్ల బతుకు. ఐనార్ కూనిరాగం తీస్తూ నడుస్తుంటే ఏ బాతూ బెదరలేదు. ఒక్కటి మాత్రం మెల్లగా లేచి పక్కకు జరిగింది.

సిగ్నీ ఆ గూట్లో చెయ్యి పెట్టింది. వెచ్చటి నూగు, చేతిలో ఉందో లేదో తెలియనంత తేలిక. తన పనితనం చూపించాలని చివరి పోగుదాకా తీసేసింది.

"ఇంటికి చుట్టాలొస్తున్నట్టు ఊడ్చావే పిల్లా!" అన్నాడు ఐనార్.

బాతు తిరిగొచ్చింది. చల్లటి రాళ్లమీద గుడ్లు. కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. మెడ వంచి, అప్పటికే బోడిగా ఉన్న రొమ్మునే ముక్కుతో పీక్కోడం మొదలెట్టింది.

సిగ్నీ కళ్లలో నీళ్లు తిరిగాయి. సంచీలో చెయ్యి పెట్టి, గుప్పెడు గుప్పెడుగా నూగు తీసి గూట్లో సర్దింది. ఇద్దరూ దూరంగా వెళ్లి నిలబడ్డారు. బాతు వచ్చి, అటూ ఇటూ ఒదిగి, కళ్లు మూసుకుంది.

సిగ్నీ ఐనార్ వైపు తిరిగింది. "పాటలో ఏముంచాలి తాతా, ఏం తీసెయ్యాలి?"

"నన్నడుగుతావేమే? ఆదివారం అక్కడ కూర్చోవాల్సింది నేనా?"