దాలినాయుడి శిలాఫలకం

లోకంలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని పైడమ్మకీ, ఆమె ఇల్లరికపు మొగుడు సన్యాసిరావుకీ గట్టి నమ్మకం. దానికితోడు పైడమ్మ తమ్ముడు దాలినాయుడు టీవీ హాస్య సీరియల్లో వంటవాడి వేషం కట్టాడు. ఇంకేముంది, ఆవిడని పట్టడం ఎవరి తరమూ కాలేదు.

ఒకరోజు యువజన సంఘం వాళ్ళు వచ్చి, "దాలినాయుడు గారు పుట్టిన చోట ఫలకం పెడదాం. దారిన పోయేవాళ్ళకి కనిపించాలి. ఆదివారం ఆయనే వచ్చి తెర తీస్తారు" అన్నారు. తమ్ముడు ఇంటి ముఖం చూసి ఏళ్ళయింది. పైడమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈ ఒక్క పనీ వంక లేకుండా జరగాలనుకుంది.

"మీ తమ్ముడు పుట్టింది ఎనక గదిలో కదేటి? దారినపోయేవోళ్ళకి ఎలగ అవుపిస్తాది?" అన్నాడు సన్యాసిరావు.

"మద్దెన గోడలున్నాయి కాబట్టి అవుపించదు. తీసెయ్."

అంతే, సాయంత్రానికి గోడలు నేలమట్టం. కప్పు వంగిపోతుంటే సన్యాసిరావు రోకలి ఆనించి పట్టుకు నిలబడ్డాడు.

రాళ్ళు చెక్కే అప్పన్న వచ్చి ఏం చెక్కాలన్నాడు. పైడమ్మ తొందరపడే మనిషి కాదు. ఊళ్ళో ఫలకాలన్నీ చూసొచ్చింది. అన్నిటి మీదా పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉన్నాయి. తమ్ముడికి ఒకటి తగ్గితే ఎంత నామర్దా!

"సీరియల్ ఆకరి రోజు లడ్డూ గొంతుకి అడ్డం పడి పోనాడు కదా, కళ్ళారా సూసినాం. ఆ తేదీ ఏసెయ్" అంది.

అప్పన్న వేసేశాడు. రాయి మీద ఆ తేదీ చూడగానే పైడమ్మ గుండెలు బాదుకుని ఏడ్చింది. సన్యాసిరావు రోకలి వదలకుండానే గుండు గీయించుకున్నాడు.

ఆదివారం దాలినాయుడు కారు దిగాడు. "అక్కా, ఇల్లేదే?"

"ఎవులు బాబూ నువ్వు? అచ్చం పోయిన మా తమ్ముడిలాగే ఉన్నావు!"

దాలినాయుడు తెర సందులోంచి రాయి చదివి అదిరిపడ్డాడు. "నాను బతికే ఉన్నానే! సూడు!" అని ఆవిడ చెయ్యి తీసి తన చెంపకి ఆనించుకున్నాడు.

చెంప వెచ్చగా ఉంది. పైడమ్మ ఆనందం పట్టలేక వాణ్ణి కావలించుకుంది. "నా తమ్ముడేరా! పోయినా మాట తప్పకుండా వచ్చినాడు!"

నవ్వాలో ఏడవాలో తెలియక దాలినాయుడు తెర లాగాడు. "నానొచ్చిన సంగతి కూడా ఆ రాయి మీదుండాలి, ముందు సరిచేయించే!" అని మొత్తుకున్నాడు.

"అలాగేరా నాయనా" అని పైడమ్మ అప్పన్నని కేకేసి, దగ్గరుండి కింద మరో వరుస చెక్కించింది:

"ఈ ఫలకమును కీర్తిశేషులు దాలినాయుడు గారు స్వయముగా విచ్చేసి, తమ అమృత హస్తములతో ఆవిష్కరించిరి."